మందు మానిన చెరువు

కిందటిసారి రొయ్యల రైతు గుబురుమీసం చెరువులో పట్టిన రొయ్యలన్నీ వెళ్లిన లారీలోనే తిరిగొచ్చాయి. తెగులు తగ్గాలని మేతలో యాంటీబయాటిక్ కలిపితే, కొనే కంపెనీవాళ్లు పరీక్షలో కనిపెట్టేశారు. ఆ రోజే భార్య తెగేసి చెప్పింది.

"ఇక ఈ గట్టు మీద మందన్న మాట వినపడకూడదు. చెరువుకైనా సరే, మీకైనా సరే!"

గుబురుమీసం బుద్ధిగా తల ఊపాడు. తల ఊపడంలో ఆయనకు సాటి లేరు.

అప్పటినుంచి పొద్దున్నే రోలు ముందు కూర్చుని వెల్లుల్లి, పసుపు, నేల ఉసిరి ఆకు నూరి మేతకు పట్టించడం ఆయన పని. మూడు నెలలైనా తెగులు జాడ లేదు. ఆయన మాత్రం నిలువెల్లా వెల్లుల్లి కంపు.

"రొయ్యల కోసం ఎంత కష్టపడుతున్నారో!" అని భార్య మురిసిపోయేది. ఆ కంపు చాటున ఇంకో వాసన హాయిగా కాపురం చేస్తోందని ఆ పిచ్చితల్లికి తెలియదు.

రొయ్యల పట్టుబడికి వారం ముందు కంపెనీ తనిఖీదారు వచ్చాడు. పరీక్షకు గుప్పెడు రొయ్యలు తీసుకుని, ఊరుకోక మోటారు షెడ్డులో దూరాడు. మేత బస్తాల వెనకనుంచి లేబుల్ లేని సీసా ఒకటి బయటికి లాగాడు.

"ఇదేం మందండీ?"

గుబురుమీసం ఓరగా వెనక్కి చూశాడు. భార్య గుమ్మంలోనే ఉంది.

"మామూలు మందేనండీ..."

"ఏ మందు వాడినా సరుకు తీసుకోం. రాసేస్తున్నా" అంటూ తనిఖీదారు కలం తీశాడు.

"అయ్యో, మందు కాదండీ బాబూ! అంటే, మందే. కానీ ఆ మందు కాదు!"

"మోతాదెంత?"

"రోజూ సాయంత్రం మూడు మూతలు."

"చెరువుకా?"

ఒకవైపు ఇద్దరూ కలిసి చేసిన మూడు నెలల చాకిరీ. ఇంకోవైపు ఆవిడ కళ్లు. గుబురుమీసానికి ఏడుపొక్కటే తక్కువ.

"నాకండీ!" అని, నమ్మరేమోనని సీసా ఎత్తి గటగటా తాగేశాడు.

తనిఖీదారు కలం జేబులో పెట్టుకున్నాడు. భార్య నాలుగు రోజులపాటు ఆయనతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండునని ఆయన కుమిలిపోయాడు.

అయిదో రోజు కంపెనీనుంచి కాగితం వచ్చింది. రొయ్యల్లో మందు ఆనవాలే లేదు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, రోట్లోంచి నిమ్మకాయంత వెల్లుల్లి ముద్ద తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"మింగండి. రొయ్యల చేత మందు మాన్పించింది ఇదేగా!"