వంతు మారని సోఫా

"చేరికకొచ్చానమ్మా," అంది టోన్యా హార్‌గ్రోవ్.

గుమ్మంలో నలభై మంది ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ స్వాగతగీతం అరుస్తున్నారు. ఆ హోరులో తలుపు దగ్గరున్న యాన్‌స్లీ అనే అమ్మాయి ముఖం పాలిపోయింది.

"చెకింగ్‌కా?"

టోన్యాకి మాత్రం 'చేరికకా' అనే వినిపించింది. "అవును," అంది. యాన్‌స్లీ నిటారుగా నిలబడి, "రండి మేడమ్," అంటూ సోఫా చూపించింది.

అలబామాలో ఆగస్టు. కళాశాలలో సొరోరిటీలు, అంటే అక్కచెల్లెళ్ళ సంఘాలు, కొత్తవాళ్ళని ఏరుకునే వారం. టోన్యా నలభై రెండేళ్ళకి డిగ్రీ పూర్తి చేయడానికి తిరిగొచ్చింది. వరసకి చెల్లి, వయసుకి తల్లి. రెండు వారాలుగా మధ్యాహ్నం భోజనం కారులో ఒంటరిగా తింటోంది. మిగతా సంఘాల ఇళ్ళన్నీ ఆమె పేరు కొట్టేశాయి, మిగిలింది ఇదొక్కటే. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆమెని వద్దన్నదీ ఇదే ఇల్లు.

ఇక్కడ పద్ధతొకటుంది. వచ్చినవాళ్ళతో ఒకమ్మాయి ఐదు నిమిషాలు మాట్లాడుతుంది. ఇంకో అమ్మాయి వచ్చి ఆమె భుజం తట్టి ఆ చోట్లో కూర్చుంటుంది. నచ్చినవాళ్ళకి నలుగురు మారతారు. నచ్చనివాళ్ళకి వంతు మారదు. అప్పట్లో టోన్యాకి ఒక్క పిల్లే దక్కింది. ఆ పిల్ల వాతావరణం గురించే మూడుసార్లు అడిగింది.

ఐదు నిమిషాలయ్యాయి. పదయ్యాయి. పక్క సోఫాలో మూడో అమ్మాయి కూర్చుని కిలకిలలాడుతోంది. ఇటు యాన్‌స్లీ ఒక్కతే, చెమటలు కక్కుతూ. దూరంగా నలుగురు మోచేతులతో పొడుచుకుంటున్నారు. "నువ్వెళ్ళవే." "చస్తే వెళ్ళను, నువ్వే పో."

'ఓహో, కథ మళ్ళీ మొదటికొచ్చింది,' అనుకుంది టోన్యా. పెదవుల మీద చిరునవ్వు, లోపల చురచుర.

"మంటలార్పే డబ్బా చూస్తారా మేడమ్? గడువు దాటలేదు," అంది యాన్‌స్లీ.

"ఎందుకు తల్లీ, నేనేమన్నా అంటుకున్నానా?"

"వంటింట్లో ఎలుకలు కూడా లేవు మేడమ్. ఒట్టు."

వెటకారమే! పెద్దదాన్ని కూర్చోబెట్టి ఆడుకుంటున్నారు. టోన్యా లేచి నిలబడింది. అధ్యక్షురాలు కార్లిస్ పరుగున వచ్చింది.

"ఏం లోపం జరిగింది మేడమ్?"

"ఆ రోజుల్లోనూ ఇలాగే ఒక్క పిల్లకి అంటగట్టి వదిలేశారు. వద్దంటే వద్దని చెప్పండి. మధ్యలో ఈ డబ్బాలూ ఎలుకలూ ఎందుకు?"

"వద్దనేదెవరు? మీ దగ్గరికి రావాలంటేనే వీళ్ళకి వణుకు! ప్రధాన కార్యాలయం నుంచి చెకింగ్‌కొచ్చారుగా?"

"చెకింగా? నేను చేరడానికొచ్చాను! గుమ్మంలోనే చెప్పానుగా!"

కార్లిస్ యాన్‌స్లీ వంక చూసింది. యాన్‌స్లీ నేల వంక చూసింది. మోచేతుల నలుగురూ ఒకేసారి వచ్చి సోఫాలో పడ్డారు. "అమ్మయ్య! జరగండి మేడమ్," అంది ఒకతె. "కాలు తొక్కావు," అంది టోన్యా. అయినా జరిగింది.

మర్నాడు, ఎవరిని ఏ సంఘం చేర్చుకుందో తెలిపే కవరులో ఆ ఇంటి పేరే ఉంది. టోన్యా రెండుసార్లు చదివింది. నమ్మకం చాలక వెలుతురుకి పెట్టి మూడోసారీ చూసింది. ఆ ఇంటి పచ్చికలో అడుగు పెట్టగానే ఎవరో "చెకింగ్ అక్కా!" అని కేకేశారు. కొత్తపిల్లలు తెల్లమొహాలు వేశారు.

యాన్‌స్లీ కుర్చీ ఎక్కింది. "అందరూ వినండి! ఈవిడ చేరిక అంది, నేను చెకింగ్ అని విన్నాను. అందుకే నిన్న మేమంతా ఈవిడకి భయపడి చచ్చాం. తప్పు ఈవిడది కాదు, నా చెవులది!"