నడి ఏటి గుంజ

చేతులు వెనక్కి విరిచి తాడు బిగిస్తున్నప్పుడు కూడా వాడెందుకు నవ్వాడు? ఆ ఒక్కటీ ఇన్‌తాకు మింగుడు పడడం లేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. కాళ్ళావేళ్ళా పడి ఉంటే ఇంకా బాగుండేది. నిన్న నడి ఏట్లో, మొలలోతు నీళ్ళలో పోలీసులు కంపున్‌ను ఈడ్చుకుపోతుంటే ఒడ్డు ఒడ్డంతా గొల్లుమంది. ఇన్‌తా గుండెలో మాత్రం ఏదో చల్లగా దిగింది. అది సంతోషమని ఇంటికి చేరాక గాని అతను గుర్తుపట్టలేదు. పట్టాక జిగురన్నం ముద్ద చేతిలోనే ఎండిపోయింది.

కంపున్ చేసిన నేరం ఏట్లో గుంజ పాతడం.

మే తిప్ ఏటికి అడ్డంగా గుంజల కట్ట ముత్తాతల నాటిది. ఏటా వరద దాన్ని కొంత ఊడ్చుకుపోతుంది. నాట్లకు ముందు రెండు ఒడ్ల వాళ్ళూ దిగి మళ్ళీ నిలబెడతారు. తాలూకా కచేరీ ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ఈ ఏడు కచేరీ వాళ్ళు తాలూకాను రెండుగా చీల్చి, పటంలో గీతను నడి ఏటి గుండా గీశారు. అవతలి ఒడ్డు కొత్త తాలూకా అయింది. ఒక తాలూకా వాడు రెండో తాలూకా నీళ్ళలో గుంజ కొట్టకూడదని హుకుం. ఆ హుకుం వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు. అవతలి ఊళ్ళ పెద్ద, కమ్‌నాన్ ఫోంకు నీటి పంపులున్నాయి. కట్ట లేస్తే కాలువల్లో నీళ్ళు ఊరికే పారతాయి. లేవకపోతే పంపు నీళ్ళే గతి, పంటలో సగం అతని గాదెకే.

మొదటి గుంజ కట్ట పెద్దే నడి ఏట్లో పాతాలి. అది నిలిచేదాకా ఇంకెవరూ సుత్తి ఎత్తరు. అందుకే ఒక్కణ్ణి పట్టుకుపోతే చాలనుకున్నారు.

ఒకప్పుడు ఆ గుంజ ఇన్‌తా తమ్ముడు పాతేవాడు. తమ్ముడు పోయాక ఊరి కళ్ళు తన వైపు తిరుగుతాయని ఇన్‌తా ఎదురు చూశాడు. తిరిగాయి, కాని తనను దాటి తమ్ముడి అల్లుడు కంపున్ మీద ఆగాయి. ఎక్కడో ఈసాన్ నుంచి భార్య ఇంటికి కాపురానికొచ్చిన వాడు. మాట యాస వేరు. వాడు ఏమన్నా ఆడవాళ్ళు నవ్వుతారు, మగవాళ్ళు లేచి నడుస్తారు. తనకేం తక్కువ? ఈ ప్రశ్నను నములుతూనే ఇన్‌తా ఇంటి కింద ఒక చేవకర్ర గుంజను చెక్కుతూ వచ్చాడు, నూనె పూసి, ఎవరికీ చూపించకుండా.

ఇవాళ అది భుజాన వేసుకుని, కొయ్య సుత్తి చేత పట్టుకుని ఏటికి వచ్చాడు.

రెండు ఒడ్ల మీదా జనం. జీపు పక్కన తాలూకా ఉపాధికారి, కమ్‌నాన్, తుపాకులతో పోలీసులు.

"ఇన్‌తా గారూ," అన్నాడు ఉపాధికారి తియ్యగా, "ఇకనుంచి ఈ ఒడ్డుకు మీరే కట్ట పెద్ద. గీత దాటకుండా మీ సగం మీరు కట్టుకోండి."

"సగం కట్టా? మీ ఇంట్లో సగం కుండతో నీళ్ళు మోస్తారా దొరా?" ఒక ముసలామె అంది. జనం ఘొల్లున నవ్వారు.

అవతలి ఒడ్డు నుంచి ఎవరో అరిచారు: "ఒరే ఇన్‌తా! మనవి వేరే తాలూకాలటగా! మరి నీ చెల్లెల్ని వెనక్కి పంపించమంటావా? పొద్దున్న మా ఇంట్లోనే అన్నం వండింది!"

"నోళ్ళు ముయ్యండి!" కమ్‌నాన్ గద్దించాడు.

కట్ట పెద్ద. ఆ మాట కోసం ఎన్నేళ్ళు! ఇలా, ఈ ఉపాధికారి నోటి నుంచి వినాల్సి వచ్చింది.

కంపున్ భార్య బువలై తడిసిన బట్టలతో ముందుకొచ్చింది. నిన్న పోలీసులు పీకి ఏట్లో విసిరేసిన మొగుడి గుంజను దిగువన వెతికి పట్టుకొచ్చింది. కాస్త వంకరది.

"పెదనాన్నా, నువ్వు చెక్కుతున్నావని మాకు తెలుసు. 'పెదమామ గుంజ ముందు నాదేపాటిది' అనేవాడు ఆయన."

ఇన్‌తాకు ఒళ్ళు మండింది. అసూయ పడే హక్కు కూడా మిగల్చడా వాడు!

ఏట్లోకి దిగాడు. వెనకే బువలై దిగింది. నడి ఏటికి చేరి, కాలి వేళ్ళతో ఇసుకలో తడిమాడు. నిన్నటి గుంత దొరికింది. గీతకు అవతల. ఇందులో తన గుంజ దిగితే జనానికి తనే పెద్ద. నీళ్ళు తనవి, పేరు తనది. జైల్లో వాడు ఆ మాట విని మళ్ళీ నవ్వుతాడు, మనస్ఫూర్తిగా. కాని అప్పుడు ఒకణ్ణి తీసి ఇంకొకణ్ణి పెట్టగలమని కచేరీ నమ్ముతుంది. రేపు తననీ తీస్తుంది.

చేవకర్ర గుంజను భుజం మీంచి జార్చాడు. అది నీళ్ళలో మునిగి అతని కాలికి తగిలి ఆగింది.

"ఇటివ్వవే, ఆ వంకరది."

పోలీసులు తుపాకులెత్తారు. రెండు ఒడ్ల నుంచీ జనం నీళ్ళలోకి దిగుతున్న చప్పుడు.

"ఎవరిదా గుంజ?" ఉపాధికారి కేక పెట్టాడు.

"కట్ట పెద్దది," అన్నాడు ఇన్‌తా. నాలుక మీద చేదు అలాగే ఉంది.

కొయ్య సుత్తి ఎత్తి కొట్టాడు.