ఫోనులో చెప్పిన జవాబు

సర్వేలో జవాబులిచ్చినవాళ్ళను ఎవరైనా ఆనవాలు పట్టగలరేమో చూడడమే గుద్వేగ్ ఉద్యోగం. పేర్లు తీసేసిన జవాబులను జనం ముందు పెట్టేలోగా ఆమె పగవాడిలా వెతకాలి. మనిషి దొరికితే పట్టిచ్చిన వివరాన్ని మరుగుపరచాలి. తర్వాత మరిచిపోవాలి. ఆ మనిషి గడప తొక్కకూడదు.

ఈసారి ఒంటరితనం మీద సర్వే. ఒకామె జవాబుల్లో ఊరు తీసేశారు, వయసు డెబ్బై పైన అని ఊరుకున్నారు. కాని ఉత్తరపు జిల్లా, ఈ ఏడే భర్త పోయాడు, ఏడుగురు పిల్లలు అన్నవి అలాగే ఉంచేశారు. ఆ వైపు అంత్యక్రియలు కాగానే పత్రికలో కృతజ్ఞతలు వేయించడం ఆనవాయితీ. గుద్వేగ్ ఆ ప్రకటనలు తిరగేసింది. "పూలు పంపినవారికి, వచ్చినవారికి కృతజ్ఞతలు. రాగ్న్‌ఫ్రిద్, ఏడుగురు పిల్లలు."

రాగ్న్‌ఫ్రిద్ ఆమెకు ఒకప్పటి అత్తగారు. విడాకులయ్యాక గుద్వేగ్ ఆమె ఉండే ద్వీపం ముఖం చూడలేదు. మామగారు పోయినప్పుడు కూడా వెళ్ళలేదు. మనసు విప్పి చెప్పుకోవడానికి ఎవరున్నారన్న ప్రశ్నకు అత్తగారి జవాబు: ఎవరూ లేరు.

పిల్లలు "ముగ్గురికి పైన" అని మార్పించింది. మరిచిపోవడం మాత్రం చేతకాలేదు. ఆదివారం పడవెక్కింది.

"ఓహో, దారి తప్పావా?" అంది రాగ్న్‌ఫ్రిద్ తలుపు తీసి. "నా కొడుకునొదిలేశావు సరే, నా వాఫిల్స్ ఏం పాపం చేశాయే?"

"అవి గుర్తొచ్చే వచ్చాను అత్తమ్మా."

"అబద్ధం కూడా అతికేలా చెప్పలేవు. కూర్చో."

కాఫీ పోసింది. తన మోకాళ్ళను తిట్టుకుంది, కొత్త పాస్టరు పాటను వెక్కిరించింది. ఇద్దరూ నవ్వారు. ఆ చనువులో గుద్వేగ్ నోరు జారింది.

"ఏడుగురున్నా మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరంటే ఎలా అత్తమ్మా? నేను లేనూ?"

రాగ్న్‌ఫ్రిద్ కప్పు కింద పెట్టింది.

"ఎవరూ లేరని నీకెవరు చెప్పారు?"

గుద్వేగ్ కాఫీలో చెంచా తిప్పింది.

"ఆ మాట సర్వే అంటూ ఫోను చేసిన పిల్లకొక్కతికే చెప్పాను. ఎవరికీ తెలియదంది. నా పిల్లలు వింటే ఏమైపోతారే?" ఆమె కోడలి వైపు తేరిపార చూసింది. "నీ ఉద్యోగం అదే కదూ?"

"ఇక ఎవరికీ దొరకదు అత్తమ్మా. మరుగుపరిచాను."

"నువ్వు చదివాక." కప్పు పక్కకు జరిపింది. "ఇంకా ఏం చదివావు?"

గుద్వేగ్ తల దించుకుంది. వారానికి ఎన్ని పూటలు తిండి మానేస్తారన్న ప్రశ్నా, దానికి అత్తగారి జవాబూ ఆమెకు కంఠతా వచ్చేశాయి.

రాగ్న్‌ఫ్రిద్ మళ్ళీ అడగలేదు. వాఫిల్ మీద జామ్ రాసి ఇచ్చింది. పడవ వేళ దాకా పరాయివాళ్ళతోలా గాలీ వానా గురించే మాట్లాడింది.