ముజమ్మిల్‌కి తోడుగా

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నస్రీన్‌ను భర్త నిజాముద్దీన్ ముందుగదిలోంచి కేకేశాడు. "నస్రీన్, ఇట్ల రా. వాడు ఒక్కడే ఆడడంట."

వాడంటే కొడుకు ముజమ్మిల్. పదమూడేళ్లకే డెబ్బై కిలోలు. ఒళ్లు కదిలించకపోతే ఈ వయసులోనే షుగర్ వస్తుందని మార్కాపురం డాక్టర్ బెదిరించాడు. గ్రౌండుకు పోతే పిల్లలు నవ్వుతున్నారని వాడు పోనన్నాడు. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే దుకాణం నిజాముద్దీన్‌ది. ఎక్కడ పట్టాడో, పాత వీడియో గేమ్ ఒకటి తెచ్చాడు. టీవీ ముందు నిలబడి మనం ఎగిరితే తెర మీద బొమ్మ ఎగురుతుంది, వంగితే వంగుతుంది. ఇద్దరు ఆడాలి.

మొదటిరోజు నస్రీన్ చున్నీ నడుముకు బిగించి సిగ్గుతో నిలబడింది. "కోడలు ఎగురుతాంటే ఇల్లు అదురుతాంది," అంది మంచం మీద నుంచి అత్త జహరాబీ. "పిల్లోడి కోసం గదా," అన్నాడు నిజాముద్దీన్. ఆ మాట నస్రీన్‌కు చాలింది. వారం తిరిగేసరికి, సాయంత్రం అయిదు ఎప్పుడవుతుందా అని ఆమే గడియారం చూడసాగింది. పెళ్లయిన పదిహేనేళ్లలో ఈ ఒళ్లు వంగింది, మోసింది, కన్నది, తోమింది. ఊరికే ఎగిరింది మాత్రం ఎన్నడూ లేదు. ఆయాసంతో మోకాళ్లు పట్టుకుని నవ్వుతుంటే ఆ నవ్వు తన గొంతులోదేనా అనిపించేది. గెలిస్తే కొడుకు అలుగుతాడని, మరుసటి ఆట కావాలనే ఓడిపోయేది. అదీ తల్లి పనే అనుకునేది.

నాలుగు నెలల్లో ముజమ్మిల్ ఆరు కిలోలు తగ్గి, వీధి పిల్లలతో క్రికెట్‌కు పోవడం మొదలుపెట్టాడు. ఆదివారం నిజాముద్దీన్ గేమ్‌ను అట్టపెట్టెలో సర్ది కొమరోలులో స్నేహితుడి కొడుక్కి పంపించేశాడు. "వాడు తగ్గినాడు గదా. ఇంక మనకెందుకు?" నాకు కావాలి, అనే మాట నస్రీన్ నోటిదాకా వచ్చింది. రెండంటే రెండే మాటలు, బయటికి రాలేదు. ఇన్నాళ్లూ కొడుకు పేరు చాటున ఆడిన మనిషి, ఇప్పుడు తన కోసమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

మర్నాడు సాయంత్రం పొయ్యి మీద పప్పు పెట్టి ముందుగదిలోకి వచ్చింది. పదకొండేళ్ల కూతురు సాజిదా ఆరిపోయిన టీవీ ముందు ఎగురుతోంది. ఎడమకు, కుడికి, వంగి, లేచి. ఒక్క అడుగు తప్పడం లేదు. తల్లిని చూసి ఠక్కున ఆగిపోయింది.

"నీకన్నీ వచ్చునే! ఒక్కనాడన్నా ఆడతానని అడగలేదేందే?"

సాజిదా గొంతులో కోపమేమీ లేదు. "నువ్వు ఆడుతాంటే పొయ్యి కాడ నేనుండాల గదమ్మీ. గడప కాడ నిలబడి చూసి నేర్చుకుంటి."

నస్రీన్ లెక్కేసుకుంది. నాలుగు నెలలు. రోజూ ఈ పిల్ల చేతిలో గరిటె పెట్టి తను ఎగిరింది. పెళ్లయి వచ్చిన మూడోరోజు అత్త తన చేతిలో పెట్టినట్టే. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుంటే సరిపోయేది. చూడలేదు. ఆట ఇప్పుడు కొమరోలులో ఉంది.

చెప్పులేసుకుంటున్న కొడుకును పిలిచింది. "ముజమ్మిల్, ఈ పూట పొయ్యి కాడ నువ్వుండు. నేనూ చెల్లీ గ్రౌండుకు పోతాం."

"మగపిల్లోడు పొయ్యి కాడనా?" జహరాబీ మంచం మీద లేచి కూర్చుంది. ముజమ్మిల్ ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

నస్రీన్ కూతురి చెయ్యి పట్టుకుంది. సాజిదా కదలలేదు, వంటింటి వైపే చూస్తోంది.

"పప్పు మాడిపోతాది అమ్మీ."

"మాడనీ," అంది నస్రీన్.