ధర్మరాజు పాత ఈసీజీ

తెర మీద పచ్చగీత సగం దాటి ఆగిపోయింది. నతానియేలు కుర్చీ అంచుకు జరిగి మళ్లీ దానికేసి చూశాడు. కదల్లేదు.

అమలాపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ అతని పూచీ. అవి నడుస్తున్నన్నాళ్లూ, పి.గన్నవరం నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే అలాంటి మనిషొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగితే మాత్రం అందరి నోటా అతని పేరే. వానాకాలంలో రిపోర్టుల సర్వరుకు అప్‌డేట్ వేస్తూ, బెడిసికొడితే వెనక్కి రావడానికి ఒక స్నాప్‌షాట్ తీశాడు. అప్పట్నుంచీ కొత్త రిపోర్టులన్నీ స్టోరేజీ పెట్టెలో వేరే ఫైల్లో చేరుతున్నాయి. అప్‌డేట్ కుదురుకోగానే పాతవీ కొత్తవీ కలిపెయ్యాలి. దానికి సర్వరు ఆపుతానంటే పెద్ద డాక్టరు ప్రకాశరావుగారు ఓసారి అమావాస్యన్నారు, ఓసారి మూఢం వెళ్లనిమ్మన్నారు. పోనీ ఆదివారం చేద్దామంటే, ఆరాధన మానుకోవడం నతానియేలుకే ఇష్టంలేదు. ఇద్దరి భక్తి మధ్యా ఆ ఫైలు తిని కూర్చుని బలిసింది. ఈ ఉదయం పెట్టె నిండిపోయి సర్వరు బిగుసుకుపోయింది.

పాత కెమెరా వీడియోలు చెరిపి కాస్త చోటు చేసుకుని, కలపడం మొదలుపెట్టాడు. అది ఎంతవరకూ అయిందో చూపేదే ఆ పచ్చగీత. మధ్యలో కరెంటు పోయి సర్వరు ఆగిందా, మొత్తం రిపోర్టులన్నీ పోవచ్చు. యూపీఎస్ బ్యాటరీలు చూస్తే ముసలివి.

జనరేటరు చూసే ధర్మరాజు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. దుమ్ము పడకూడదని నతానియేలు ఏనాడో చెప్పిన మాట ఆసుపత్రి మొత్తంలో పట్టించుకునేది ఆయనొక్కడే.

"పెట్టె లేచిందాండీ?"

"ఇంకా లేదండీ. కూర్చోండి. గుండెల్లో బరువెలా ఉంది?"

"ఆయ్, పొద్దుటిలాగే ఉందండి. ఈసీజీ తీసేరు. పాతది పక్కన పెట్టి చూస్తేగాని చెప్పలేనన్నారు డాక్టరుగారు. ఆ పాతది మీ పెట్టెలోనే ఉందంటండి."

నతానియేలు గీత కేసి చూశాడు. అక్కడే ఉంది. ఒక్క ఆదివారం చర్చి మానేసి ఉంటే ఏం పోయేది!

లైట్లు పోయాయి. ఎక్కడో తీగల మీద కొబ్బరి మట్ట పడి ఉంటుంది. యూపీఎస్ కీచుకీచుమంది. ధర్మరాజు లేచాడు.

"మీరెళ్లకండి, వాచ్‌మన్‌ని పంపుదాం."

"అతనికి హేండిల్ తిప్పడం రాదండీ. సెల్ఫ్ పని చెయ్యట్లేదు కదా. మీరు పెట్టె వదలకండి."

వట్టి కాళ్లతోనే మెట్లు దిగిపోయాడు. నతానియేలు లేవబోయాడు. తెర వంక చూశాడు. లేవలేదు.

కింద ఇంజను దగ్గి దగ్గి, అందుకుంది. లైట్లు వచ్చాయి. కాసేపటికి గీత కూడా కదిలి, చివరిదాకా వెళ్లింది. సర్వరు లేవగానే అతను వెతికింది ధర్మరాజు పేరే. పాత ఈసీజీ తెరుచుకుంది.

"వచ్చేసిందండీ!" అని కేకేస్తూ పరుగున దిగాడు.

జనరేటరు పక్కన ధర్మరాజు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. హేండిల్ ఒళ్లో ఉంది. పిలిస్తే పలకలేదు. ప్రకాశరావుగారు వచ్చి ఛాతీ మీద నొక్కి నొక్కి, చివరికి చేతులు తీసేశారు. పాత ఈసీజీ సంగతి ఎవరూ అడగలేదు.

సాయంత్రం ధర్మరాజుని ఇంటికి తీసుకెళ్లాక నతానియేలు పైకొచ్చాడు. తెర మీద ఈసీజీ ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూయడానికి చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది. గుమ్మం అవతల, ఎవరి కాలికీ అడ్డం రాకుండా గోడవారకు జరిపి, డీజిలు మరకలున్న రబ్బరు చెప్పుల జత ఉంది.