ఏటి గారి వంతు

బస్తా మూతి విప్పి, మినుములు చేటలోకి వంపుకుని, అచ్చమ్మ అప్పటికే సగం పని కానిచ్చింది. బర్మాలో, లమ్మడా పేటలో నదికి దగ్గరగా ఉన్న ఆ టోకు కొట్టులో రాళ్ళూ పుల్లలూ ఏరడం ఆమె పని. పెళ్ళయిన ఏడు మొదలుపెట్టింది, మొగుడు పోయినా మానలేదు. పొట్టి మనిషి. ముందుకు వంగిన వీపు, ముంజేతుల నిండా మినప దుమ్ము, చెంపల మీద బర్మా ఆడవాళ్ళలా తనకా అనే చెక్క అరగదీసి పూసుకున్న పచ్చటి పూత, రెండు కళ్ళలోనూ తెల్లటి పొర. మినుములు నల్లగా, రాళ్ళు తెల్లగా ఉండడం దేవుడు తన మీద చూపిన దయ అంటుంది. నల్లరాయి తగిలినప్పుడు మాత్రం దేవుణ్ణేమీ అనదు, కొట్టు యజమాని ఆంజనేయప్రసాద్‌ని అంటుంది.

పొర తీయించుకోవాలంటే ముందు కళ్ళాసుపత్రిలో చూపించుకోవాలి. అక్కడ వంతు ఇప్పుడు ఫోనులోనే తీసుకోవాలట. అచ్చమ్మకి బజారు బర్మా వచ్చు, ఆసుపత్రి బర్మా రాదు. ఇక అక్షరమంటారా, అది ఏ భాషదైనా ఆమెకి పొట్లం కట్టే కాగితం మీది మరకే. కాబట్టి కోడలు విజయే వంతు తీయాలి, విజయే చెయ్యి పట్టుకు తీసుకెళ్ళాలి. విజయ లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. అత్త కోసం పెట్టిన సెలవులు అప్పుడే ఎక్కువైపోయాయి. ఇంకోసారి రాకపోతే మిషను మీద వేరే పిల్లని కూర్చోబెడతానని సూపర్‌వైజరు ఖచ్చితంగా చెప్పేశాడు. కొడుకు సరుకు పడవల మీద తిరిగే మనిషి, ఇల్లు నడిచేది ఆ మిషను మీదే. అది పోతే తన కళ్ళు బాగుపడి చూసేదేమిటని అచ్చమ్మ బెంగ.

మధ్యాహ్నం తెలుగువాళ్ళ గుడి పక్క హాల్లోకి యూనివర్సిటీ వాళ్ళు వస్తున్నారని కొట్టులో చెప్పారు. కళ్ళు సరిగా కనబడనివాళ్ళూ, చదువురానివాళ్ళూ నోటితోనే వంతు అడిగేలా ఫోను తయారు చేస్తున్నారట. ఈ రోజు పరీక్ష, కానీ ఇచ్చే వంతు నిజమైనదే. అచ్చమ్మ చేట పక్కన పెట్టి, చీర దులుపుకుని వెళ్ళింది.

అక్కడ ముగ్గురున్నారు. కళ్ళ డాక్టరమ్మ, కంప్యూటరు పని చూసే కో మిన్ అనే బర్మా కుర్రాడు, ఫోనుకి తెలుగు మాటలు రాసిచ్చిన హేమమాలిని. హేమమాలిని ఇక్కడి పిల్లే. ఆదివారాలు పిల్లలకి తెలుగు చెబుతుంది, పుస్తకంలో ఉన్న తెలుగు. ప్రశ్నలు తక్కువ ఉండాలని డాక్టరమ్మ, ఒక్కటీ వదలకూడదని కో మిన్, ఏదైనా సరే గౌరవంగా అడగాలని హేమమాలిని. ముగ్గురికీ కుదిరిన రాజీ ఆ ఫోనులో ఉంది.

ఫోను ఆమె చేతికిచ్చారు. లోపలినుంచి తియ్యటి గొంతు, దయచేసి తమ నామధేయమును తెలియజేయవలసిందిగా కోరింది.

“ఏటి?” అంది అచ్చమ్మ.

“ధన్యవాదాలు, ఏటి గారూ,” అంది ఫోను.

అచ్చమ్మ ఫోనుని చెవికి దగ్గరగా పెట్టుకుని, తాను ఏటి కాదని గట్టిగా చెప్పింది. ఏటి కాదు గారికి ఫోను మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. హాల్లో వంతు కోసం కూర్చున్న ముసలాళ్ళంతా పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ అచ్చమ్మే నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా. నవ్వుతూనే లోపల దిగులుపడింది. ఇదీ కాకపోతే మళ్ళీ విజయే దిక్కు.

కో మిన్‌కి ఏం జరిగిందో తెలియలేదు. తెర మీద ఆమె పేరు, ఆడవాళ్ళకి బర్మాలో చేర్చే గౌరవపు మాటతో సహా, డా ఏటి అని చక్కగా పడింది, తప్పేముందంటాడు. అది పేరు కాదనీ, అర్థం కాలేదు మళ్ళీ చెప్పమని అడగడమనీ హేమమాలిని వివరించింది. అలాగైతే ఆ మాట వినబడినప్పుడల్లా ప్రశ్నని తేలిక మాటల్లో మళ్ళీ అడిగేలా చేయవచ్చనీ, ఆ మాటలు ఎవరైనా పలకాలనీ అతనన్నాడు.

హేమమాలిని ఫోను దగ్గరకి లాక్కుంది. ఇంట్లో నాయనమ్మ మాట్లాడే తెలుగు నలుగురిలో నోట రానీయకుండా పెరిగిన పిల్ల ఆమె. చెవులు ఎర్రబడుతుండగా, “నీ పేరేటమ్మా?” అని పలికింది. తర్వాత ప్రశ్నలన్నీ అదే గొంతుతో పలికింది. పోనుపోను సిగ్గు పోయి, హుషారు వచ్చింది.

రెండోసారి అచ్చమ్మ పేరు చెప్పింది. ఏ కన్నో చెప్పింది. ఒకరు వంతు మానుకోవడంతో రేపు పొద్దున్న ఖాళీ ఉందంది ఫోను. సరేనంది. చివరగా, “నీతో ఎవులొత్తారు?” అని అడిగింది.

అడ్డం వచ్చి విజయ పేరు చెప్పేవాళ్ళెవరూ పక్కన లేరు.

“నానే వత్తాను,” అంది అచ్చమ్మ.

సాయంత్రం విజయ పికప్ బండి దిగి మేడెక్కి వచ్చేసరికి అచ్చమ్మ అన్నం వండి, కథంతా కడుపులో దాచుకోలేక సిద్ధంగా ఉంది. ఏటి గారి సంగతి విని విజయ అలసట మరిచిపోయి నవ్వింది. అంతలోనే మొహం మార్చి, “రేపేనా? సెలవెట్టేత్తానత్తా. ఆ సూపర్‌వైజరేటంటే అదే అననీ,” అంది.

అచ్చమ్మ కోడలి కంచంలో ఇంకాస్త చారు పోసింది.

తెల్లవారి విజయ లేచేసరికి అత్త చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. పంపు దగ్గర లేదు, వంటింట్లో లేదు. బాల్కనీలోకి పరిగెత్తింది. కింద సైకిల్ రిక్షా చంద్రరావు అప్పుడే వచ్చి టీ తాగుతున్నాడు. తలెత్తి చూసి, “మీయత్తని ఆస్పత్రి గేటు కాడ దింపీసి వచ్చాను. లోనికి ఒట్టుకెల్తానంటే కసిరీసింది. ఫోన్లో నా పేరే సెప్పానురా అంది,” అన్నాడు.

విజయకి ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. ఏడుపు ఎందుకో తెలియక ముక్కు తుడుచుకుని, ఫ్యాక్టరీ బండికి ఇంకా వేళ మించలేదని చూసుకుని లోపలికి వచ్చింది. తన అన్నం డబ్బా సంచీలో సర్ది ఉంది. సంచీ మీద ఒక తువ్వాలు ఉతికి మడతపెట్టి ఉంది. బజారు రద్దీలో తప్పిపోకుండా ఇద్దరూ చెరో కొసా పట్టుకుని నడిచే తువ్వాలు అది. అత్త పట్టుకునే కొస నలిగి నలిగి, అవతలి వెలుగు కనబడేంత పలచబడింది.