దగ్గు వినపడక ముందే

"నీ ధ్యాస యాడ పెట్టుకోని కుట్టినావు?" అంటూ అమీర్ బాషా చొక్కాను భార్య ఒళ్లోకి విసిరాడు.

ప్రెసిడెంటు కామాక్షయ్య గారి చొక్కా అది. టెర్లిన్ గుడ్డ దొరవారిసత్రం ఊళ్లోకి కొత్తగా దిగిన రోజులు. కాజా కోయాల్సిన పట్టీ వదిలేసి, గుండీలు కుట్టాల్సిన పట్టీని కోసేసింది జాన్‌బీ. పెళ్లయినప్పటి నుంచీ ముందుగదిలో మొగుడు కుట్టిన ప్రతి చొక్కాకూ వెనక వసారాలో కూర్చుని కాజాలు తీస్తున్న మనిషి. ఆ పనికి కూలీ లేదు, పేరూ లేదు.

"ధ్యాస ఇంట్లో వుంటే గదా," అంది అత్త మస్తాన్‌బీ, తమలపాకుకు సున్నం రాస్తూ. "ఎవురి మీదుందో కనుక్కో."

జాన్‌బీకి ఒళ్లు మండింది. కానీ ఆ అనుమానం ఆమెనూ వదల్లేదు. నిజంగానే తన ధ్యాస ఎక్కడుంది?

నిన్న బ్లేడుతో గాటు పెట్టబోతూ లేచింది. కుండలో నీళ్లు ముంచి ఆయనకు ఇచ్చొచ్చి, చేతికందిన పట్టీని కోసింది. ఎందుకు లేచింది? ఆయన దగ్గాడు. ఆయన దగ్గంటే మంచినీళ్లు తెమ్మని. కాదు, కాదు. దగ్గు వినపడింది ఆమె కుండ మూత తీశాక. మిషను చప్పుడు ఆగగానే కాళ్లు లేచేశాయి. లేవాలని ఆమె అనుకోనేలేదు. ఎసరు పెట్టేటప్పుడూ, చివరికి నమాజు చేసేటప్పుడు కూడా ఒక చెవి ఆ మిషను దగ్గరే కాపలా. మరి ఇన్నాళ్లూ ఇష్టం కొద్దీ చేస్తున్నాననుకున్న పనుల్లో తను అనుకుని చేసింది ఏదైనా ఉందా? తన కాళ్ల మీదే ఆమెకు నమ్మకం పోయింది.

ధ్యాస ఇంకెవరి మీదో కాదు, ఈ మహానుభావుడి గొంతు మీదే ఉంది. చెబితే మురిసిపోతాడు. అందుకే చెప్పలేదు.

మర్నాడు కాజా కుడుతుండగా మిషను ఆగింది. కాళ్లు కదిలాయి. అరచేత్తో మోకాలిని అదిమిపెట్టి, "యాడికి?" అని దాన్నే అడిగింది. ముందుగదిలో దగ్గు. ఆమె దారం లాగి ముడి బిగించింది. మళ్లీ దగ్గు, ఈసారి పెద్దగా.

"ఏమే, ఇనపడలా? ధ్యాస యాడుంది?"

"కాజా మీదుంది," అంది.

కాజా పూర్తిచేసి దారం తెంపింది. అప్పుడు తెలిసింది, తనకు దాహంగా ఉందని. ఎప్పట్నుంచి ఉందో ఏమో. తాపీగా లేచి, గ్లాసు నిండా నీళ్లు ముంచుకుని, తనే తాగింది.